ఏమీ చేయరాని కూడలి

పైడమ్మ ఎర్రగుడ్డ ఎత్తిందంటే కంకర లారీ అయినా, కలెక్టరాఫీసు జీపు అయినా కొండవలస జంక్షన్‌లో ఆగి తీరాల్సిందే. ఆ గుడ్డకు ఏ చట్టం బలమూ లేదు. పాత లంగా చింపి వెదురు కర్రకు కట్టుకున్న ముక్క అది. ముప్పై ఏళ్ళు బళ్ళో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోకుండా, పొద్దున తొమ్మిదింటికోసారి, సాయంత్రం నాలుగున్నరకోసారి వచ్చి నడిరోడ్డు మీద నిలబడుతుంది. ఊరు రోడ్డుకు ఇటు, బడి అటు. మధ్యలో పగలంతా క్వారీ లారీలు. ఆరేళ్ళ క్రితం మూడో తరగతి ధనలక్ష్మికి లారీ తగిలి కాలు విరిగినప్పుడు ఆ పిల్లను ఎత్తుకుని పరిగెత్తి ఆటో ఎక్కించింది పైడమ్మే. మర్నాటి నుంచి కర్ర పట్టింది.

ఆమె కోరిక పెద్దదేం కాదు. జంక్షన్‌కు అటొకటి, ఇటొకటి స్పీడు బ్రేకరు. అరవై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. ఎక్కువసేపు నిలబడొద్దని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. తను మంచాన పడేలోగా ఆ రెండూ వేయించేస్తే పిల్లలకు తనతో పని ఉండదని ఆమె లెక్క. అందుకని ఏటా అర్జీ పట్టుకుని మండలాఫీసుకు వెళ్ళేది. అక్కడి గుమాస్తా ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, ఎంతమంది పోయారని. ఎవరూ పోలేదని ఆమె చెప్పేది. ఎవరూ పోకుండా ఎలా ఇస్తారమ్మా అని అతను నిజంగానే నొచ్చుకునేవాడు. పాపం మంచివాడే. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు కాగితం తిప్పి కొడతారు మరి.

ఇలా ఉండగా ఒక జూన్ నెలలో బడి ఎదుట షామియానా లేచింది. రహదారి భద్రతా, గమన సౌలభ్య పరిశోధనా సంస్థ వారు కొండవలస జంక్షన్‌ను ఎంపిక చేశారని కబురొచ్చింది. దేనికి ఎంపిక చేశారో ఎవరికీ తెలియదు. ఎంపికైనందుకే ఊరు మురిసిపోయింది. సర్పంచ్ దండలు తెప్పించాడు. హెడ్మాస్టరు అయిదో తరగతి ఆడపిల్లల చేత స్వాగత గీతం పాడించాడు. పైడమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

సంస్థ ముఖ్య పరిశోధకుడు డాక్టర్ నిరంజనరావు దండలన్నీ మెడలో ఉంచుకునే మాట్లాడాడు. ఏ చర్యకైనా ఫలితం కొలవాలంటే ఆ చర్యకు నోచుకోనిది ఒకటి పక్కన ఉండాలని, అది లేనిదే శాస్త్రం శాస్త్రం కాదని చెప్పాడు. ఈ రోడ్డు మీద రెండు కూడళ్ళను తీసుకుని చీటీలు వేశారట. తొమ్మిది కిలోమీటర్ల అవతలి రాయివలసకు ప్రయోగ కూడలి అన్న చీటీ వచ్చింది. అక్కడ స్పీడు బ్రేకర్లు, జీబ్రా గీతలు, రాత్రిపూట మెరిసే దీపాలు, అన్నీ వస్తాయి. కొండవలసకు తులనా కూడలి అన్న చీటీ వచ్చింది.

అయితే మాకేం చేస్తారండీ అని హెడ్మాస్టరు లేచి అడిగాడు.

"ఏమీ చేయం," అన్నాడు డాక్టర్ నిరంజనరావు గంభీరంగా. "రెండేళ్ళ పాటు ఏమీ చేయం. మరెవరినీ చేయనివ్వం. ఈ బాధ్యత సంస్థ తీసుకుంటోంది."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం సర్పంచ్ వైపు చూశారు. ఆయన కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు. తర్వాత జంక్షన్‌లో పచ్చరంగు బోర్డు ఒకటి పాతారు. 'ఇది తులనా కూడలి. ఇచ్చట ఏమీ చేయరాదు' అని దాని మీద రాసి ఉంది. బోర్డుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. రెండేళ్ళయ్యాక ఇస్తారా అని పైడమ్మ డాక్టరును దారిలో పట్టుకుని అడిగింది. ఫలితాలను బట్టి తప్పక పరిశీలిస్తామని ఆయన అన్నాడు. పరిశీలించడం అంటే ఇవ్వడమే అనుకుని ఆమె ఆ రెండేళ్ళకూ తన మోకాళ్ళను సిద్ధం చేసుకుంది.

ఏమీ చేయకపోవడం గవర్నమెంటుకు కొత్త కాదు. కానీ దానికి ఇంత శ్రమ పడాలని కొండవలస వాళ్ళకు అప్పుడే తెలిసింది. సంస్థ ముందే ఒక ప్రాథమిక సర్వే చేసి జంక్షన్‌లో ఏముందో అంగుళాలతో సహా పుస్తకంలో ఎక్కించింది. రెండేళ్ళూ అవి అలాగే ఉండాలి. అందుకోసం సత్యం అనే కొలతల ఉద్యోగిని వేశారు. యాభై దాటిన మనిషి, చంకలో రిజిస్టరు, చేతిలో టేపు. రోజూ పొద్దున వచ్చి నడిరోడ్డు గొయ్యి కొలిచేవాడు. పుస్తకం ప్రకారం దాని లోతు పదకొండు సెంటీమీటర్లు. వానకు మట్టి చేరి అది తొమ్మిదికి తగ్గితే సత్యం గుణపం తెచ్చి రెండు సెంటీమీటర్లు తవ్వి సరిచేసేవాడు.

మలుపులో సర్కారు తుమ్మ ఒకటి ఏపుగా పెరిగి వచ్చే బండి కనపడకుండా చేసేది. కిళ్ళీ కొట్టు రామ్మూర్తి ఓ రోజు కత్తి తీసుకుని దాన్ని నరికేశాడు. మూడో రోజుకల్లా అతని పేర నోటీసు వచ్చింది. వారం తిరక్కుండా అదే చోట అదే ఎత్తు తుమ్మను వేళ్ళతో సహా తెచ్చి నాటారు. చుట్టూ కంచె కట్టి, రోజూ రెండు బిందెల నీళ్ళు పోయించారు. పంచాయతీ వారు నాటిన వేప మొక్కలు అంతకు ముందు మూడేళ్ళు వరసగా ఎండిపోయాయి. తుమ్మ మాత్రం బతికింది.

వీధి దీపం సంగతి ఇంకా విడ్డూరం. అది వెలగడం మానేసి నాలుగేళ్ళయింది. ఊరు ఎన్నిసార్లు చెప్పుకున్నా దిక్కు లేదు. కొత్తగా బదిలీ అయి వచ్చిన లైన్‌మన్‌కు ఇదంతా తెలియదు. స్తంభమెక్కి బల్బు మార్చేశాడు. సంస్థ నుంచి కరెంటాఫీసుకు ఉత్తరం వెళ్ళిన మధ్యాహ్నమే ముగ్గురు మనుషులు నిచ్చెనతో వచ్చి ఆ దీపాన్ని మళ్ళీ చెడగొట్టి, చెడిపోయినట్టు సత్యం చేత సంతకం పెట్టించుకుని వెళ్ళారు. గవర్నమెంటు పని ఒక్క పూటలో అవడం తన జన్మలో అదే చూడడమని హెడ్మాస్టరు అన్నాడు.

ఆ తర్వాత గేదె గొడవ. సింహాద్రి అనే రైతు గేదె ఒకటి పూటకోసారి వచ్చి జంక్షన్‌లో పడుకునేది. ప్రాథమిక సర్వేలో అదీ ఎక్కింది. పాలు తగ్గాయని సింహాద్రి దాన్ని సంతలో అమ్మేసుకున్నాడు. సత్యం రిజిస్టరులో గేదె గడి ఖాళీ పడింది. సంస్థలో రెండు రోజులు సమావేశం జరిగిందట. చివరికి ఎడమ కొమ్ము కిందికి వంగిన, అదే వయసు గేదెను ఎక్కడో వెతికి, లారీలో తెచ్చి దించారు. దానితోపాటు ఒక ఉత్తర్వు కూడా దిగింది. 'సదరు ప్రత్యామ్నాయ పశువు పూటకొకసారి కూడలి యందు శయనించవలెను. శయనించి యున్న పశువును ఎవరును అదిలించరాదు' అని. ఉత్తర్వు నకలు గేదె మెడలో ప్లాస్టిక్ కవరులో వేలాడదీశారు.

ఇన్ని చేసినా సంస్థకు ఒక చిక్కు వచ్చిపడింది. జంక్షన్‌లో ప్రమాదాలు జరగడం లేదు. వారి గణితం ప్రకారం ఇన్ని లోపాలున్న కూడలిలో ఏటా పదకొండు జరగాలి. ఏడాది గడిచినా సత్యం రిజిస్టరులో సున్నాయే ఉంది. రాయివలసలో చూస్తే నున్నటి రోడ్డు, రంగురంగుల దీపాలు చూసి కుర్రాళ్ళు బళ్ళు ఆపి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. వాళ్ళను వెనక నుంచి గుద్దేవాళ్ళు గుద్దుతున్నారు. చేతులు కాళ్ళు గీసుకుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు గానీ, అంకెలు అంకెలే కదా. సంగతి తేల్చుకుందామని డాక్టర్ నిరంజనరావు స్వయంగా కొండవలస వచ్చాడు.

ఆయన జీపు దిగేసరికి సరిగ్గా నాలుగున్నర. పైడమ్మ రోడ్డు మధ్య గుడ్డ ఎత్తి నిలబడి ఉంది. ఇటు నాలుగు లారీలు, అటు మూడు ఆగి ఉన్నాయి. చీమల బారులా పిల్లలు దాటుతున్నారు. డాక్టరు ఆ దృశ్యాన్ని కొంతసేపు చూశాడు. తర్వాత సత్యం చేతిలోంచి సర్వే పుస్తకం లాక్కుని పేజీలు తిప్పాడు. గొయ్యి ఉంది, తుమ్మ ఉంది, గేదె ఉంది. పైడమ్మ లేదు. ఇంకా తిప్పితే పిల్లలూ లేరు. సర్వే చేసింది మే నెల పద్నాలుగున. అప్పుడు వేసవి సెలవులు.

ఇంకొకడైతే సర్వే తప్పని ఒప్పుకునేవాడు. డాక్టర్ నిరంజనరావు శాస్త్రజ్ఞుడు. ప్రాథమిక సర్వేను మార్చితే పునాది కదులుతుందని, కాబట్టి సర్వే తర్వాత వచ్చినవే తప్పని తేల్చాడు. నాలుగో రోజున పైడమ్మ ఇంటికి నోటీసు వచ్చింది. హెడ్మాస్టరు అరుగు మీద కూర్చుని చదివి వినిపించాడు. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమరు ఎర్రని వస్త్రము ద్వారా వాహనములను నిలుపుచు సదరు కూడలి యొక్క సహజ ప్రమాదశీలతకు భంగము కలిగించుచున్నారు. ఇట్టి అనధికార జోక్యమును తక్షణము విరమించని యెడల పరిశోధన రద్దయి, రెండు సంవత్సరముల కాలము మరల మొదటి నుండి లెక్కింపబడును.'

పిల్లల మాటేమిటని హెడ్మాస్టరు సంస్థకు ఫోన్ చేశాడు. సర్వే ప్రకారం అక్కడ పిల్లలు లేరని జవాబొచ్చింది. ఉన్నారండీ, నూట నలభై ఆరుగురు, హాజరు పట్టీ పంపిస్తానన్నాడు ఆయన. అది విద్యాశాఖ వారి గణాంకమని, రవాణా పరిశోధనలో చెల్లదని చెప్పి పెట్టేశారు.

ఆ రాత్రంతా పైడమ్మ ఆలోచించింది. పోయినవి పదమూడు నెలలు, ఇంకా పదకొండు. ఇప్పుడు మొండికేస్తే మళ్ళీ రెండేళ్ళు. అన్నాళ్ళు ఈ కాళ్ళు నిలబడవని ఆమెకు బాగా తెలుసు. తెల్లారి ఎర్రగుడ్డను చూరులో దోపేసింది. ఆ పొద్దున హెడ్మాస్టరు, రామ్మూర్తి కలిసి పిల్లలను ఇద్దరిద్దరిగా చేతులు పట్టుకుని దాటించారు. అదీ జోక్యమేనని పది గంటలకల్లా వాళ్ళకూ నోటీసులు ముట్టాయి.

సాయంత్రం బడి గంట కొట్టారు. పైడమ్మ బడి వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. సత్యం రిజిస్టరు తెరిచి తుమ్మ పక్కన నిలబడ్డాడు. పిల్లలు రోడ్డు అంచుకు వచ్చి ఆగారు. గుడ్డ ఎత్తేదాకా అడుగు వేయకూడదని ఏడేళ్ళుగా ఆమె వాళ్ళకు నూరిపోసింది. నూట నలభై ఆరుగురూ అలాగే నిలబడ్డారు. లారీలు వస్తూనే ఉన్నాయి. అయిదయింది. అయిదున్నరయింది. ఒకటో తరగతి పిల్ల ఒకతి ఏడుపు లంకించుకుంది. పిల్లలు తనను చూస్తుంటే పైడమ్మ తల ఎత్తలేకపోయింది. సత్యం రిజిస్టరు మూసేసి, మళ్ళీ తెరిచాడు. అందులో ఏం రాయాలో అతనికి తోచలేదు.

అప్పుడు గేదె వచ్చింది. ఆ పూట దాని శయనం ఇంకా కాలేదు. తీరిగ్గా నడిచొచ్చి, నడిరోడ్డు మీద నాలుగు కాళ్ళూ మడిచి కూలబడింది. కంకర లారీ ఒకటి కీచుమని ఆగింది. డ్రైవరు తిట్టుకుంటూ దిగి దాన్ని అదిలించబోయాడు. సత్యం పరిగెత్తుకుంటూ వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. మెడలో కవరు చూపించి, ఉత్తర్వు మొత్తం పైకి చదివాడు. ఆ నెమరేసే పశువుకు ఎంత బలముందో విని డ్రైవరు నోరు మూసుకుని లారీ ఎక్కాడు. అటు కూడా బళ్ళు బారులు తీరాయి.

పైడమ్మ స్తంభం పట్టుకుని లేచింది. గుడ్డ లేదు, కర్ర లేదు. "రండర్రా," అంది పిల్లలతో. "గేదమ్మ పడుకుంది. ఎవులూ పరిగెట్టకండి."

మర్నాడు ఆమె సంస్థకు అర్జీ పెట్టుకుంది. ఈసారి స్పీడు బ్రేకర్లకు కాదు. గేదెను చూసుకోవడానికి మనిషి కావాలి గదా, ఆ పని తనకిమ్మని. పశువు వేళకు పడుకోవడం లేదని సంస్థకు అప్పటికే బెంగగా ఉంది. వెంటనే నియమించారు. ఆ తర్వాత గేదె ఎంత క్రమశిక్షణ గల ఉద్యోగిగా మారిందంటే, బడి మొదటి గంటకు ఒకసారి, ఆఖరి గంటకు ఒకసారి తప్పకుండా జంక్షన్‌లో శయనించేది. పైడమ్మ నడిరోడ్డు మీద దోసెడు తవుడు పోసేదన్న విషయం ఏ రిజిస్టరులోనూ లేదు. సత్యం ఆ సమయానికి ఎప్పుడూ గొయ్యి కొలుస్తూ తల వంచుకుని ఉండేవాడు.

రెండేళ్ళు పూర్తయ్యాయి. నివేదిక అచ్చయింది. అన్నీ చేసిన రాయివలసలో పద్నాలుగు ప్రమాదాలు. ఏమీ చేయని కొండవలసలో సున్నా. రహదారి భద్రతకు ఏమీ చేయకపోవడమే అత్యుత్తమ చర్య అని శాస్త్రీయంగా రుజువైందని నివేదిక తేల్చింది. జిల్లాలోని రెండు వందల పన్నెండు కూడళ్ళలో తక్షణం ఏమీ చేయకుండా ఉండేందుకు ఒక పథకం మంజూరైంది. దానికో ప్రత్యేక విభాగం, దానికో డైరెక్టరు. రాయివలస స్పీడు బ్రేకర్లు ఊడబెరికారు. అవి రబ్బరువి, బోల్టులు తీస్తే వచ్చేస్తాయి. ఆ సంగతి విని పైడమ్మ ఏడో అర్జీ పెట్టింది, మీరు పారేసేవైనా మా ఊళ్ళో పారేయండి అని. వాటిని అక్కడ పారేయడం ఏదో ఒకటి చేసినట్టవుతుందని, పైగా రాష్ట్రంలోకెల్లా సురక్షితమైన కూడలికి అవి అనవసరమని జవాబు వచ్చింది. పరిశోధన ముగిసినందున గేదెను కూడా లారీ ఎక్కించి తీసుకుపోయారు. పైడమ్మ దాని మెడ నిమిరి, చూరులో దోపిన ఎర్రగుడ్డ మళ్ళీ బయటికి తీసింది. అప్పటికి ఆమె మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసి వస్తోంది.

ఆదర్శ కూడలిని చూపించి నలుగురికీ చెప్పడానికి బడి ఆవరణలో సభ పెట్టారు. డాక్టర్ నిరంజనరావు పొద్దున తొమ్మిదింటికి ముందే, రోడ్డు ఖాళీగా ఉండగా వచ్చేశాడు. ఏమీ చేయకుండా ఉండడంలోని మెళకువల గురించి రెండు గంటలు మాట్లాడాడు. శాలువాలు, భోజనాలు అయ్యాయి. వచ్చినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆయన జీపు రోడ్డుకు అవతల, ఊరి వైపు నీడలో పెట్టి ఉంది. మూడున్నరకు ఆయన ఫైలు చంకన పెట్టుకుని రోడ్డు దాటబోయాడు.

ఒక అడుగు వేశాడు. తుమ్మ చాటు నుంచి లారీ దూసుకొచ్చింది. వెనక్కి గెంతాడు. ఇంకోసారి ప్రయత్నిస్తే రెండో వైపు నుంచి వచ్చింది. మూడోసారి గొయ్యి తప్పించబోయిన టిప్పరు ఆయన పంచెకు జానెడు దూరంలోంచి పోయింది. గొయ్యి లోతు ఇప్పటికీ పదకొండే. అవతల నుంచి డ్రైవరు చేతులూపుతున్నాడు తప్ప జీపు ఇటు తిప్పడానికి అతనికీ సందు దొరకలేదు. పైడమ్మ వరండాలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె గంట వైపు చూసింది. నాలుగున్నర కాలేదు.

గంట కొట్టాక పిల్లలు వచ్చి వరస కట్టారు. ఆ వరసలో మూడో మనిషిగా డాక్టర్ నిరంజనరావు నిలబడ్డాడు. పైడమ్మ కుంటుకుంటూ రోడ్డు మధ్యకు వెళ్ళి గుడ్డ ఎత్తింది. బళ్ళు ఆగాయి. ఆయన కాళ్ళు కదలకపోవడం చూసి ముందున్న ఒకటో తరగతి పిల్ల వెనక్కి తిరిగి తన చెయ్యి ఇచ్చింది. ఆయన పట్టుకున్నాడు.

"పరిగెట్టకు బాబూ," అంది పైడమ్మ, పక్కనుంచి పోతుంటే. పిల్లలకూ ఆమె అదే చెబుతుంది.

అవతలి గట్టు చేరాక ఆయన చెమట తుడుచుకుని, చెల్లించాల్సిన మర్యాద ఏదో ఉందనిపించి, పిల్లలంతా పోయేదాకా ఆగాడు. పైడమ్మ కర్ర ఊతంగా గట్టెక్కి వచ్చింది. సత్యం కూడా ఉన్నాడు పక్కన, అలవాటు కొద్దీ రిజిస్టరు పట్టుకుని.

"నాకు అరవై నాలుగొచ్చినాయి బాబూ," అంది ఆమె. "ఈ కాళ్ళు ఇంకో ఏడు నిలబడవు. మీ పుస్తకంలో అన్నీ ఉన్నాయంటారు. గొయ్యుంది, తుమ్మ డొంకుంది, గేదుంది. నా మోకాళ్ళు అందులో ఏ పేజీలో ఉన్నాయో ఓపాలి సూసి సెప్పండి."

డాక్టర్ నిరంజనరావు జీపు తలుపు తెరిచి ఆమె వైపు తిరిగాడు. రెండేళ్ళలో ఆయన ఆమెకు చెప్పిన నిజమైన మాట ఇదొక్కటే.

"అవి ప్రాథమిక సర్వేలో లేవమ్మా," అన్నాడు.

జీపు వెళ్ళిపోయింది. సత్యం రిజిస్టరు తెరిచి, ఆ రోజు తేదీ కింద, ప్రమాదాలు అన్న గడిలో మళ్ళీ సున్నా వేశాడు.